తీసేసిన మాల్వేర్ మళ్ళీ ఎందుకు లేస్తోంది?

మీరు చెప్పినది ఇదీ: విండోస్ 11 ల్యాప్‌టాప్. మీ అబ్బాయి ఒక ఆటకు క్రాక్ (డబ్బు కట్టకుండా ఆడించే దొంగ ఫైలు) దించి, అందులో రాసినట్టే యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేశాడు. అప్పటి నుంచి బ్రౌజర్‌లో ఏది వెతికినా వేరే సైటుకు పోతోంది. స్క్రీన్ కింద మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లున్నాయి’ అని మెసేజ్‌లు వస్తున్నాయి. పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లవుతున్నాయి. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఏదో పట్టుకుని తీసేస్తోంది, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ అదే పేరుతో వస్తోంది. నెట్ బ్యాంకింగ్ కూడా ఇందులోనే చేస్తారు. ఫార్మాట్ చేయకుండా బాగవుతుందా అని అడిగారు.

మీకు కనిపిస్తున్న ఈ గొడవలన్నీ ఫార్మాట్ లేకుండానే పోతాయి. నా భయం కనిపించని ఇంకోదాని గురించి. క్రాక్‌లతో పాటు ఈ రోజుల్లో ఎక్కువగా వచ్చేది పాస్‌వర్డ్‌లు దోచే రకం: రెడ్‌లైన్, విడార్, లుమ్మా లాంటివి. ఇవి యాడ్లు చూపించవు, సిస్టమ్‌ను స్లో చేయవు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు, కార్డు నంబర్లు మూటగట్టి కొన్ని నిమిషాల్లోనే బయటికి పంపేస్తాయి. కొన్ని ఆ తర్వాత తమను తామే తుడిచేసుకుంటాయి కూడా. 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు, అంటే రెండు నెలల్లో, ఒక్క లుమ్మా సోకిన విండోస్ కంప్యూటర్లే 3,94,000కు పైగా గుర్తించామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అరిచేది అంత ప్రమాదం కాదు, చప్పుడు చేయనిదే ప్రమాదం. అందుకే స్కాన్ కంటే ముందు చేయాల్సిన పని వేరే ఉంది.

ముందు ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి, లాన్ కేబుల్ ఉంటే పీకేయండి. ఆ తర్వాత పాస్‌వర్డ్‌లు మార్చండి, కానీ ఈ ల్యాప్‌టాప్ నుంచి మాత్రం కాదు. అలా చేస్తే దొంగ చేతికే కొత్త తాళంచెవి ఇచ్చినట్టు. ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో మార్చండి. మొదట ఈమెయిల్, ఎందుకంటే మిగతా అన్నిటి రీసెట్ లింకులూ అక్కడికే వస్తాయి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగిలినవి. క్రోమ్‌లో గూగుల్ ఖాతాతో సింక్ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు కూడా ల్యాప్‌టాప్‌కు వచ్చి ఉంటాయి కాబట్టి అవీ పోయినట్టే లెక్క వేసుకోండి.

పాస్‌వర్డ్ మార్చగానే పని అయిపోలేదు. దొంగిలించిన కుకీ అంటే అప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్. దానితో వచ్చేవాడిని ఓటీపీ కూడా అడగదు. గూగుల్ ఖాతాలో ‘సెక్యూరిటీ’లోకి వెళ్ళి ‘యువర్ డివైసెస్’లో మీది కానిదీ, ఈ ల్యాప్‌టాప్‌దీ సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబర్, రికవరీ ఈమెయిల్ మీవేనా చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ కూడా చూడాలి. బ్యాంకు మెయిళ్ళు మీకు కనపడకుండా నేరుగా చెత్తబుట్టలోకి పంపే ఫిల్టర్ ఒకటి పెట్టి వెళ్ళడం పాత ఎత్తు. ఇవి ఫోన్ యాప్‌లో పూర్తిగా కనిపించవు, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్‌గా తెరవాలి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’, టెలిగ్రామ్‌లో ‘డివైసెస్’ ఖాళీ చేయండి. యూపీఐ పిన్ ఫోన్‌లోనే కొడతారు కాబట్టి ల్యాప్‌టాప్‌లోని మాల్వేర్‌కు అది అందదు. డబ్బు పోయినట్టు కనిపిస్తే మాత్రం ఇదంతా పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి మారేలోపు చెబితేనే ఆపే వీలుంటుంది.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. మూలన వచ్చే ‘5 వైరస్‌లు’ మెసేజ్ అసలు వైరసే కాదు. ఎక్కడో ఒక సైట్‌లో ‘నేను రోబోను కాదు, అలో (Allow) నొక్కండి’ అంటే నొక్కి ఉంటారు, అది నోటిఫికేషన్లు పంపే అనుమతి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, ‘సైట్ సెట్టింగ్స్’, ‘నోటిఫికేషన్స్’ వరుసగా తెరిచి, అనుమతి ఉన్నవాటిలో తెలియనివన్నీ తీసేయండి. దానికి స్కానర్ అక్కర్లేదు. ఆ మెసేజ్‌లో ఉన్న నంబర్‌కు ఎవరైనా ఫోన్ చేసి, వాళ్ళు చెబితే ఎనీడెస్క్ లాంటిది ఇన్‌స్టాల్ చేశారా అని ఇంట్లో అందరినీ అడగండి. చేసి ఉంటే కథ వేరు, నేరుగా ఫార్మాట్‌కు పోవాలి.

డిఫెండర్ తీసేసినా మళ్ళీ రావడానికి కారణాలు రెండు. ఒకటి, దాన్ని తిరిగి తెచ్చి పెట్టే పని ఒకటి లోపల షెడ్యూల్ అయి ఉండటం. రెండు, అసలు ఫైలును డిఫెండర్ చూడకపోవడం. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. క్రాక్ ఇన్‌స్టాలర్లు అడ్మిన్ అనుమతి దొరగ్గానే డిఫెండర్‌కు ‘ఈ ఫోల్డర్ జోలికి రావద్దు’ అని చెప్పి పెడతాయి. ‘విండోస్ సెక్యూరిటీ’ తెరిచి, ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ కింద ‘మేనేజ్ సెట్టింగ్స్’ నొక్కి, అట్టడుగున ‘ఎక్స్‌క్లూజన్స్’ చూడండి. అక్కడ సి డ్రైవ్ మొత్తమో, యూజర్స్ ఫోల్డరో, ఈఎక్స్ఈ ఫైళ్ళన్నీ అనో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మీరు పెట్టనిదేదైనా తీసేయండి. అదే పేజీలో ‘రియల్ టైమ్ ప్రొటెక్షన్’, ‘ట్యాంపర్ ప్రొటెక్షన్’ రెండూ ఆన్ చేయండి. ‘ఇది మీ అడ్మినిస్ట్రేటర్ నిర్వహణలో ఉంది’ అంటూ మార్చనివ్వకపోతే, ఇంటి కంప్యూటర్‌కు వేరే అడ్మినిస్ట్రేటర్ ఎవరూ ఉండరు కదా, అది చాలావరకు మాల్వేర్ పెట్టిన పాలసీయే. రిజిస్ట్రీ ఎడిటర్ (విండోస్ లోపలి సెట్టింగులు మార్చే టూల్) తెరిచి, లోకల్ మెషీన్ (HKEY_LOCAL_MACHINE) కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ డిఫెండర్ వరకు వెళ్ళండి. ముందు ఆ కీని (అక్కడి ఫోల్డర్‌ను కీ అంటారు) ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ దాచుకుని, తర్వాత అందులో పెట్టిన విలువలు తీసేసి రీస్టార్ట్ చేయండి.

అప్పుడు ఆఫ్‌లైన్ స్కాన్. ‘స్కాన్ ఆప్షన్స్’లో చివర ఉంటుంది. సిస్టమ్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ లేవకముందే దాదాపు 15 నిమిషాలు స్కాన్ చేస్తుంది. దీని బలమంతా అక్కడే. విండోస్ లేవలేదంటే మాల్వేరూ లేవలేదు, దాక్కునే వీలు లేదు. అయితే ఇది నొక్కేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ చేతిలో ఉంచుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో హోమ్ ఎడిషన్‌లో కూడా డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. రికవరీ స్క్రీన్ 48 అంకెల కీ అడిగితే అప్పుడు వెతుక్కోవడం కష్టం. మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచి లాగిన్ అయి, మీ డివైస్ పేరు కింద చూసి కాగితం మీద రాసుకోండి.

రెండో అభిప్రాయానికి మాల్వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ గానీ, ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్ గానీ చాలు. యాడ్‌వేర్‌కు (ప్రకటనలు గుప్పించే రకానికి) అయితే ఆడ్‌డబ్ల్యూక్లీనర్ ఇంకా చురుకైనది, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ కూడా ఉంది గానీ దించిన 10 రోజులకు దాని గడువు తీరిపోతుంది, పాత కాపీ వాడకండి. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లోనూ ఉచిత టూల్స్ దొరుకుతాయి. వీటిని మంచి కంప్యూటర్‌లో, తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే దించండి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన లింకుల్లోనే నకిలీ యాంటీవైరస్‌లు తిరుగుతుంటాయి. స్కాన్‌కు నెట్ అవసరమైతే అంతసేపే ఆన్ చేయండి. ఎప్పుడూ కాపలా ఉండే యాంటీవైరస్‌లు మాత్రం రెండు ఒకేసారి పెట్టొద్దు. ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ సిస్టమ్‌ను నిలబెట్టేస్తాయి.

స్కానర్లు తీసేసినా లేస్తోందంటే, లేపుతున్నదెవరో మనమే చూడాలి. దీనికి మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ఆటోరన్స్ అనే ఉచిత టూల్ ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచమని టిక్ పెట్టి, స్కాన్ ఆప్షన్స్‌లో సంతకాలు సరిచూడమని, ఫైలును చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైటుతో పోల్చమని చెప్పండి. పసుపు రంగు వరస అంటే ఆ ఫైలు అక్కడ లేదని, గులాబీ రంగు అంటే తయారీదారు సంతకం సరిగా లేదని. ముఖ్యంగా ‘లాగాన్’, ‘షెడ్యూల్డ్ టాస్క్స్’, ‘సర్వీసెస్’, ‘డబ్ల్యూఎంఐ’ ట్యాబ్‌లు చూడండి. పవర్‌షెల్, డబ్ల్యూస్క్రిప్ట్, ఎంఎస్‌హెచ్‌టీఏ, రన్‌డీఎల్ఎల్32 లాంటివి యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా, టెంప్, పబ్లిక్ ఫోల్డర్లలోని ఫైళ్ళను పిలుస్తుంటే అక్కడ మీ దొంగ ఉన్నాడు. పేరు చూసి మోసపోవద్దు, దారి చూడండి. ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రాసెస్‌లు టాస్క్ మేనేజర్‌లో పదుల కొద్దీ ఉండటం మామూలే, కానీ వాటి చిరునామా విండోస్ లోపలి సిస్టమ్32 ఫోల్డర్ కావాలి. అదే పేరుతో యాప్‌డేటాలో ఒకటి నడుస్తుంటే అది వేషం.

అలాగని తెలియని పేరల్లా తీసేయకండి. ఆధార్ వేలిముద్ర మెషీన్ ఆర్‌డీ సర్వీస్, డిజిటల్ సంతకం టోకెన్ సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ డ్రైవర్లు కూడా వింత పేర్లతోనే కనిపిస్తాయి. డిలీట్ చేయకుండా ముందు టిక్ మాత్రం తీయండి. రీస్టార్ట్ చేసి చూసుకున్నాక డిలీట్. టిక్ తీసిన కాసేపటికే మళ్ళీ వస్తే ఒకదాన్నొకటి కాపాడుకునే జంట ఉన్నట్టు. అప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ‘ట్రబుల్‌షూట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘స్టార్టప్ సెట్టింగ్స్’ మీదుగా వెళ్ళి, అక్కడి ‘రీస్టార్ట్’ కొట్టి, జాబితా వచ్చాక 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. చాలావరకు ఆటోస్టార్ట్‌లు అక్కడ లేవవు. రెంటినీ ఒకేసారి తీయండి.

బ్రౌజర్ వేరే సైటుకు పోవడం దగ్గర చాలామంది ఎక్స్‌టెన్షన్ తీసి ఊరుకుంటారు, మర్నాటికి అది తిరిగి వస్తుంది. తిరిగి తెచ్చేది తరచుగా మీ సింకే. గూగుల్ ఖాతాలో దాచి ఉంచిన ఎక్స్‌టెన్షన్ల జాబితాను అది మళ్ళీ దించుతుంది. ముందు సింక్ ఆపి, తర్వాత తీయండి. ‘రిమూవ్’ బటనే కనబడకపోతే, మెనూ అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే రిజిస్ట్రీలో పాలసీస్ కింద గూగుల్, క్రోమ్ కీని (ఎడ్జ్ అయితే మైక్రోసాఫ్ట్, ఎడ్జ్) లోకల్ మెషీన్‌లోనూ, కరెంట్ యూజర్‌లోనూ వెతకండి. బలవంతంగా ఎక్స్‌టెన్షన్ ఎక్కించే ఆదేశం అక్కడే ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసుకుని తొలగించండి. కొన్ని నిజమైన యాంటీవైరస్‌లు కూడా ఈ పాలసీలు వాడతాయి కాబట్టి లోపల ఏముందో ఒకసారి చదవండి. డెస్క్‌టాప్ మీది బ్రౌజర్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ చివర ఏదైనా సైటు చిరునామా అతికించి ఉంటే చెరిపేయండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘ప్రాక్సీ’ కింద స్క్రిప్ట్, సర్వర్ రెండూ ఆఫ్‌లో ఉండాలి. సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ లోని హోస్ట్స్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు ఇంటి కంప్యూటర్‌లో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరసలు తప్ప ఏమీ ఉండనక్కర్లేదు. అదే వైఫైలో ఫోన్ కూడా వింత సైట్లకు పోతుంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, రౌటర్‌ది. దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దారి చూపే సర్వర్) చిరునామాలు సరిచూడండి. రీసెట్ చేశాక నెట్ కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టాల్సి రావచ్చు, ముందే రాసుకోండి.

పెన్‌డ్రైవ్ గొడవ క్రాక్‌తో వచ్చింది కాకపోవచ్చు. జిరాక్స్ షాపుల్లో, నెట్ సెంటర్లలో అప్లికేషన్ల ప్రింట్లు తీయించుకునేటప్పుడు ఊరంతా పంచుకునే పురుగు ఇది. మీ ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. షార్ట్‌కట్ నొక్కితే వెనక స్క్రిప్ట్ నడుస్తుంది, ముందు మీ ఫోల్డరూ తెరుచుకుంటుంది. అందుకే అనుమానం రాదు. ఫైళ్ళేమీ పోలేదు, కంగారుపడొద్దు. కానీ ల్యాప్‌టాప్ బాగుచేశాకే పెన్‌డ్రైవ్ ముట్టుకోండి. లేదంటే ఇటు కడిగింది అటు అంటుకుంటుంది. ఆటోరన్స్‌లో డబ్ల్యూస్క్రిప్ట్‌తో పిలిచే వీబీఎస్ ఫైలు ఉంటే తీసేసి, టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రాసెస్ ఆపండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాగిన ఫైళ్ళు, సిస్టమ్ ఫైళ్ళు, ఫైల్ ఎక్స్‌టెన్షన్లు మూడూ కనిపించేలా పెట్టి పెన్‌డ్రైవ్ తెరవండి. కొన్ని రకాలు అన్నిటినీ పేరే లేనట్టు కనిపించే ఒక ఫోల్డర్‌లోకి తోసేస్తాయి, అందులో చూడండి. లోపలి ఫొటోలు, పీడీఎఫ్‌లు ల్యాప్‌టాప్‌లో కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. కాపీ అయినవి ఇంకా మసక మసకగా కనిపిస్తే కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి, అట్రిబ్ కమాండ్‌కు మైనస్ గుర్తుతో హెచ్, మళ్ళీ మైనస్ గుర్తుతో ఎస్, ఆపైన స్లాష్ ఎస్, స్లాష్ డి ఇస్తే మామూలుగా వస్తాయి. ప్రింట్ల కోసం పాత చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి వేరుగా ఉంచుకోండి. అందులో ఆ ఒక్క పీడీఎఫ్ తప్ప ఏమీ ఉండకూడదు, షాపు నుంచి రాగానే ఫార్మాట్.

ఇదంతా అయ్యాక సిస్టమ్ హాయిగా నడుస్తుంది. అయినా ఫార్మాట్ చేయమనడానికి కారణం ఒక్కటే. యాంటీవైరస్ ఆపి, అడ్మిన్ అనుమతి ఇచ్చి నడిపిన ప్రోగ్రామ్ ఏమేం చేసిందో ఏ స్కానరూ పూర్తిగా చెప్పలేదు. అది దొరికినవి చెబుతుంది, అంతే. నోటిఫికేషన్లు, ఎక్స్‌టెన్షన్, పెన్‌డ్రైవ్ పురుగు ఇవి మాత్రమే అయితే శుభ్రం చేసి వాడుకోండి అనేవాణ్ణి. పాస్‌వర్డ్ దొంగ అనుమానం, దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్, మీకు తెలియని యూజర్ ఖాతా, ఎంతకీ ఆన్ కాని డిఫెండర్: వీటిలో ఒక్కటున్నా, అందులో బ్యాంకు పని చేస్తున్నా, కొత్తగా విండోస్ వేసుకోవాల్సిందే. సిస్టమ్ రిస్టోర్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది సెట్టింగులను వెనక్కి తిప్పుతుంది గానీ మీ ఫోల్డర్లలో పడ్డ ఫైళ్ళను అలాగే వదిలేస్తుంది.

సులువైన దారి సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, ‘రికవరీ’, ‘రీసెట్ దిస్ పీసీ’. అందులో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’, ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకోండి. 4 జీబీకి పైగా డేటా అవుతుంది గానీ విండోస్ ఫైళ్ళు ఈ డిస్క్ నుంచి కాకుండా మైక్రోసాఫ్ట్ నుంచి తాజాగా వస్తాయి. నేను ఎంచుకునేది మాత్రం పెన్‌డ్రైవ్ నుంచి వేయడం. వేరే మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద తయారు చేయాలి. అందులో ముందున్నవన్నీ పోతాయి.

బ్యాకప్‌లో ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు తీసుకోండి. ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ, ఎస్‌సీఆర్, బ్యాట్, వీబీఎస్, జేఎస్, షార్ట్‌కట్లు, క్రాక్ జిప్‌లు వద్దే వద్దు. ట్యాలీ వాడుతుంటే దాని డేటా ఫోల్డర్ ఎక్కడుందో ముందే చూసుకోండి, డాక్యుమెంట్స్‌లో ఉండదు.

అసలు గొడవలు ఇక్కడే జరుగుతాయి. సి, డి అని రెండు డ్రైవ్‌లు కనిపిస్తున్నా చాలా ల్యాప్‌టాప్‌లలో అవి ఒకే డిస్క్‌లోని రెండు ముక్కలు. సెటప్‌లో పార్టిషన్లన్నీ డిలీట్ చేస్తే డి కూడా పోతుంది, ‘ఫొటోలు డి లో ఉన్నాయిగా’ అనుకున్నవాళ్ళు అప్పుడు తల పట్టుకుంటారు. డి ని కూడా బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, అప్పుడే అన్నీ డిలీట్ చేయండి. సెటప్‌లో డిస్కే కనబడకపోతే డిస్క్ చెడిపోయిందని అనుకోకండి. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ డ్రైవర్ విడిగా ఇవ్వాల్సి రావచ్చు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి దాన్నీ, వైఫై డ్రైవర్‌నూ ముందే దించి పెట్టుకోండి. వైఫై పట్టకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరిపోతుంది. బూట్ మెనూకు డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ అయితే సాధారణంగా ఎస్కేప్. ప్రొడక్ట్ కీ అడిగితే ‘నా దగ్గర లేదు’ అని నొక్కి, ముందున్న ఎడిషన్‌నే (హోమ్ అయితే హోమ్) ఎంచుకోండి. లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. అసలు ముందున్న విండోసే దొంగ యాక్టివేటర్‌తో నడిచేదైతే మాత్రం అవదు. అలాంటప్పుడు లైసెన్స్ కొనండి, ఆ యాక్టివేటర్‌ను మళ్ళీ ఎక్కించకండి.

విండోస్ లేచాక ముందు అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, ఆ తర్వాత బ్యాకప్ డిస్క్ పెట్టి, ఏ ఫైలూ తెరవకముందే దాని మీద స్కాన్ నడపండి. మీ అబ్బాయికి స్టాండర్డ్ ఖాతా ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. ఇంకో సంగతి అతనికి చెప్పాలి. ‘మీరు మనిషేనని నిరూపించండి’ అంటూ విండోస్ కీతో ఆర్ నొక్కి, కంట్రోల్‌తో వి నొక్కి, ఎంటర్ కొట్టమనే పేజీలు ఇప్పుడు బాగా తిరుగుతున్నాయి. ఏ నిజమైన క్యాప్చా అలా అడగదు. ఆ మూడు నొక్కులతో పాస్‌వర్డ్ దొంగను మన చేత్తోనే లోపలికి పిలుస్తాం, క్రాక్ కూడా అక్కర్లేదు.

అన్నీ ఇన్‌స్టాల్ చేసుకున్నాక ఆటోరన్స్‌ను ఒకసారి నడిపి, ఫైల్ మెనూలో ‘సేవ్’ కొట్టి ఆ ఫైలును ఈమెయిల్‌లో దాచుకోండి. ఆరు నెలల తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే అదే మెనూలో ‘కంపేర్’ అని దాన్ని చూపిస్తే, ఆనాటి నుంచి కొత్తగా చేరినవి మాత్రమే వేరే రంగులో కనిపిస్తాయి. వందల వరసలు చదివే బదులు నాలుగైదు చూసుకుంటే సరిపోతుంది.